దొరికిన డబ్బాల జ్ఞాపకాలు దాచుకోవడం గురించి మాధవికి మామయ్య ఉత్తరం

హిల్స్‌బరో, ఆరెగాన్

చి.ల.సౌ. మాధవికి మామయ్య ఆశీస్సులు.

మీరు ముగ్గురూ బాతెల్‌లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆదివారం నువ్వు పంపిన ఫొటోలు అత్తయ్యా నేనూ మళ్ళీ మళ్ళీ చూశాం. ఎండలు మొదలయ్యాక సరదాగా మొదలుపెట్టిన జియోక్యాచింగ్, అదే ఎవరో దాచిన డబ్బాల్ని జీపీఎస్ చూసుకుంటూ వెతికే ఆట, అప్పుడే 43 డబ్బాల దాకా వచ్చిందంటే చాలా సంతోషం. “మామయ్యా, ఏది ఎక్కడ దొరికిందో మీకెలా గుర్తుంటుంది, ఏం దాచుకోవాలి, ఏం తీసెయ్యాలి?” అని అడిగావు. అది ఫోన్లో తేలే విషయం కాదు. తీరిగ్గా రాస్తున్నాను, అల్లుడుగారికి కూడా చూపించు.

ముందు తొందరగా చెయ్యాల్సిన పని ఒకటుంది. మీవాడు కౌశిక్ అలమరా ఫొటోలో కుడిపక్కన, సైనికులు మెడలో వేసుకునే బిళ్ళల్లాంటివి రెండు గొలుసుతో వేలాడుతున్నాయి చూడు. అవి బహుమతులు కావమ్మా. వాటిని ట్రావెల్ బగ్‌లు అంటారు. ఎవరో ఒకరు డబ్బు పెట్టి కొని, “ఇది సముద్రం దాటాలి”, “ఇది వంద డబ్బాలు తిరగాలి” అని ఏదో ఒక కోరికతో వదిలి, అది ఎక్కడిదాకా వెళ్ళిందో అని ఎదురుచూస్తుంటారు. వచ్చే శనివారమే వాటిని వేరే డబ్బాలో పెట్టి, యాప్‌లో అక్కడ పెట్టినట్టు రాయండి. కౌశిక్‌కి బాధగా ఉంటే, ఆ బిళ్ళ ఇంతవరకూ తిరిగిన దారిని మ్యాప్ మీద చూపించు, తర్వాత ఎటు వెళ్తుందో వాడు చూస్తూ ఉండొచ్చు. ఇంకో మాట. బిళ్ళ మీద చెక్కిన నంబరు ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. ఆ నంబరు తెలిస్తే, బిళ్ళని ఎన్నడూ చేత్తో పట్టుకోనివాళ్ళు కూడా చూశామని రాసేస్తారు. మన ఇంటి గ్రూపులో పెడితే ఫర్వాలేదు గానీ బయట ఎక్కడా ఆ ఫొటో పెట్టకు. జియోకాయిన్‌లనే నాణేలకీ ఇదే లెక్క, నంబరు ఉందంటే అది ప్రయాణంలో ఉన్న వస్తువే.

ఇక అసలు సంగతి. నీకు మీ తాతయ్య కథ ఒకటి చెప్పాలి.

2008 వేసవిలో నాన్నగారు తణుకు నుంచి మా దగ్గరికి వచ్చి మూడు నెలలు ఉన్నారు. అప్పటికి నేను ఈ వేటలో పడి నాలుగేళ్ళు. చేతిలో పసుపురంగు జీపీఎస్ పరికరం పట్టుకుని పోర్ట్‌లాండ్‌లోని ఫారెస్ట్ పార్క్‌కి ఆయన్ని కూడా తీసుకెళ్ళాను. బాణం గుర్తు చూసుకుంటూ నేను ఇరవై నిమిషాలు తిరిగాను. ఆయన ఓ పక్కన నిలబడి, పడిపోయిన దేవదారు మాను కింద చేతికర్రతో ఆకులు తప్పించి, “ఇదిగోరా, ఇనప్పెట్టె” అన్నారు. సైన్యంలో తూటాలు పెట్టుకునే ఆకుపచ్చ పెట్టె. అందులో పుస్తకం తీసి, జేబులోని పెన్నుతో, తెలుగులో నాలుగైదు వరుసలు రాశారు. తెలుగు మాస్టారు కదా, ఒక్క సంతకంతో ఆగరు. నేను దోమలు కొట్టుకుంటూ, త్వరగా కానివ్వండి అన్నాను. ఏం రాశారో చదవలేదు.

ఆ రాత్రి జియోక్యాచింగ్ వెబ్‌సైట్‌లో నేను పెట్టిన లాగ్, అంటే డబ్బా దొరికిందని రాసే మాట, ఇప్పటికీ ఉంది. “టీఎఫ్‌టీసీ.” డబ్బా పెట్టినందుకు థ్యాంక్స్ అని దానర్థం. అంతే. నాన్నగారు వచ్చారని లేదు, ఆయనే కనిపెట్టారని లేదు. తీసిన ఫొటో ఒక్కటే. అందులో పెట్టె నిండుగా ఉంది, ఓ మూల ఆయన చెయ్యీ, కర్ర చివరా కనిపిస్తాయి. 2013లో డబ్బా పెట్టినాయన దాన్ని తీసేశారు. నాన్నగారు పోయాక ఆయనకి మెసేజ్ పెట్టి, పాత పుస్తకం ఉందా అని అడిగాను. ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. వాన నీళ్ళు దిగి కాగితాలు ముద్దయిపోతే ఎప్పుడో పారేశారట.

అందుకే మాధవీ, నా మొదటి సలహా ఇది. డబ్బాని ఫొటో తీయకపోయినా ఫర్వాలేదు, డబ్బా పట్టుకున్న మనిషిని తియ్యి. రెండో ఫొటో, లాగ్ పుస్తకంలో మీరు రాసిన పేజీ. ఆ పుస్తకం డబ్బా యజమానిది, మనం ఒక్క కాగితం కూడా చింపకూడదు. కానీ ఫొటో మనది. ఎప్పుడైనా మీరు సంతకం చేయలేదని యజమాని అనుమానపడితే అదే రుజువు కూడా. చిటికెన వేలి గోరంత నానో డబ్బాల్లో పొడుగు కాగితం చుట్ట మీద ఇంటి పేరు మొదటి అక్షరం కూడా పట్టదు, అలాంటప్పుడు ఫొటో మరీ అవసరం. ఒక్కటి గుర్తుంచుకో, దాచిన చోటు తెలిసిపోయే ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టకూడదు. అవి మన దగ్గరే ఉండాలి.

రెండోది, ఏ రోజుది ఆ రోజే రాయాలి. అడవిలో యాప్‌లో డ్రాఫ్ట్ మాత్రం పెట్టుకో, అప్పటి టైము అందులో ఉంటుంది. ఇంటికొచ్చి భోజనాలయ్యాక అసలు లాగ్ రాయి. వారం ఆగితే తారీఖులు కలిసిపోతాయి, ఏది ముందు దొరికిందో ఏది తర్వాతో తెలీదు. వందో డబ్బా ఏదని కౌశిక్ అడిగితే చెప్పలేవు. లాగ్‌లో రెండు మూడు మాటలైనా సొంతంగా ఉండాలి. మనం రాసే ప్రతి లాగ్ ఆ డబ్బా పెట్టిన మనిషికి మెయిల్‌లో వెళ్తుంది. వాళ్ళకి జీతం లేదు. వానలో వెళ్ళి కాగితం మార్చి, మూత బిగించి వస్తారు. “మా ఎనిమిదేళ్ళ అబ్బాయి మీ వంతెన కింద కప్పని చూసి పది నిమిషాలు కదల్లేదు” అని రాస్తే వాళ్ళ సాయంత్రం బాగుంటుంది. పదిహేనేళ్ళ తర్వాత నీ సాయంత్రం కూడా. ఒక డబ్బాని తీసేసినా దాని పేజీ, లాగులు అలాగే ఉంటాయి, అందుకే అక్కడ రాసింది వృథా పోదు.

దొరకనివి కూడా రాయి. డీఎన్ఎఫ్ (డిడ్ నాట్ ఫైండ్, అంటే దొరకలేదు) అని పెట్టడానికి చాలామంది మొహమాటపడతారు. నువ్వు పడకు. యజమానికి డబ్బా పోయిందేమో అన్న సూచన అందుతుంది. మనకైతే, దొరికిన వాటికన్నా దొరకనివే ఎక్కువ గుర్తుంటాయి. ఒక నల్లటి చిన్న గొట్టం కోసం నేనూ మీ అత్తయ్యా నాలుగుసార్లు వెళ్ళాం. ఆ నాలుగు లాగులూ వరసగా చదివితే మా మధ్య జరిగిన వాదనంతా వినిపిస్తుంది.

వెబ్‌సైట్ కాకుండా ఇంట్లో మీకంటూ ఒక పుస్తకం ఉండాలి. అక్కడ రాయలేనివి ఇందులో రాస్తాం. నా పుస్తకంలో ఒక్కో డబ్బాకి అర పేజీ. జీసీతో మొదలయ్యే దాని కోడ్, పేరు, తారీఖు, వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం (ఆ రెండూ ఒకటి నుంచి ఐదు దాకా అర అరగా ఉంటాయి), ఎవరెవరం వెళ్ళాం, ఏం తీసుకుని ఏం పెట్టాం. ఆ తర్వాత తోచింది. ఎండ, వాన, తిన్న పులిహోర, కాలికి గుచ్చుకున్న ముల్లు. కోడ్ తప్పకుండా రాయి, పేర్లు ఒకేలా ఉండేవి బోలెడు. అడవిలోకి మాత్రం మామూలు పుస్తకం తీసుకెళ్ళకు. మీ టకోమాలోనే రైట్ ఇన్ ద రెయిన్ అని తడిసినా చెక్కుచెదరని కాగితం తయారుచేస్తారు, జేబు పుస్తకం ఒకటి కొనుక్కో. దాంతో పెన్సిల్ వాడు. జెల్ పెన్ను సియాటిల్ వానకి ఆగదు. కౌశిక్ రాత వాడిదే ఉండనీ, తప్పులు దిద్దకు.

కంప్యూటర్ సంగతి. మీరు వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి ప్రీమియం సభ్యత్వం తీసుకున్నారు కాబట్టి, డబ్బాల జాబితాలు దించుకునే పాకెట్ క్వెరీల పేజీలో ‘మై ఫైండ్స్’ అని ఉంటుంది. నొక్కితే దొరికినవన్నీ, మీ లాగ్ మాటలతో సహా, ఒక జీపీఎక్స్ ఫైలుగా వస్తాయి. ఉగాదికోసారి, దసరాకోసారి దించుకుని దాచిపెట్టు, పండగలైతే మర్చిపోం. అందులో ఫొటోలు రావు, డీఎన్ఎఫ్‌లు రావు. వాటిని వేరేగా కాపాడుకోవాలి. నా హార్డ్ డిస్క్ ఒకటి చెప్పకుండా ఆగిపోయి రెండేళ్ళ ఫొటోలు పోయాయి, రెండో కాపీ లేదు. అప్పటి నుంచి రెండు చోట్ల ఉంచుతున్నాను, ఒకటి మా పెద్దాడి ఇంట్లో. ఫైలు పేరులో ముందు ఏడాది, నెల, రోజు, తర్వాత జీసీ కోడ్. ఫోన్ మారినా, యాప్ మారినా ఆ పేరు మారదు. ఏడాదికి ఇరవై ఫొటోలు ప్రింటు తీయించి వెనక పెన్సిల్‌తో రాసి పెట్టు. గణాంకాలూ మ్యాపులూ కావాలంటే ప్రాజెక్ట్ జీసీ అనే వెబ్‌సైట్ ఉంది, అల్లుడుగారికి నచ్చుతుంది. నాకు వాటి మీద పెద్ద మోజు లేదు.

ఇప్పుడు కౌశిక్ డబ్బాల్లోంచి తెచ్చిన వస్తువులు దాచుకునే చెప్పుల పెట్టె సంగతి. డబ్బాలోంచి ఒకటి తీసుకుంటే దానికి సరిసమానమైనదో, అంతకన్నా మంచిదో పెట్టాలి. ఇది మొదటి రోజు నుంచీ ఉన్న పద్ధతే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన పొరపాటుని తీసేసింది. అప్పటిదాకా మామూలు జనం చేతిలోని పరికరం వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. మే 3న డేవ్ అల్మర్ అనే ఆయన ఇక్కడికి దగ్గర్లోనే, బీవర్‌క్రీక్ పక్కన అడవిలో ఒక బకెట్ పెట్టి, అది ఉన్న చోటు అంకెల్లో ప్రకటించాడు. అందులో ఒక లాగ్ పుస్తకం, పెన్సిల్, కొన్ని వస్తువులు, ఒక బీన్స్ డబ్బా. ఏదైనా తీసుకోండి, ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నాడు. ముందుగా వెళ్ళి కనిపెట్టింది మైక్ టీగ్. ఆ బకెట్ ఇప్పుడు లేదు, అక్కడ ఒక ఫలకం ఉంది. కానీ ఆ బీన్స్ డబ్బా మాత్రం మిగిలింది. తుప్పు పట్టిన ఆ డబ్బాని వేడుకలకి తీసుకెళ్తుంటే జనం వరసలో నిలబడి చూస్తారు. ఎవరో పారేయకుండా ఉంచారు, అది ఎక్కడిదో రాసిపెట్టారు, దాని విలువంతా అదే. (నిజమే గానీ, మీరు మాత్రం తినే వస్తువులు డబ్బాల్లో పెట్టకండి. ఎలుగులూ ఉడతలూ వచ్చి పెట్టెని చీల్చేస్తాయి, ఇప్పుడు నిబంధనలు కూడా ఒప్పుకోవు.)

కాబట్టి కౌశిక్ పెట్టెలో ఉన్న ప్రతి వస్తువుకీ ఒక చిన్న చీటీ రాయించు. చిన్న జిప్‌లాక్ కవర్లో వస్తువూ చీటీ కలిపి పెట్టండి. ఎక్కడిదో గుర్తురానివి మళ్ళీ డబ్బాల్లోకి పంపించెయ్యండి, ఇంకో పిల్లాడికి పనికొస్తాయి. ఒక రోజుకి ఒకటి దాచుకుంటే చాలు. చెక్క నాణేలు, పాత్‌ట్యాగ్‌లనే చిన్న లోహపు బిళ్ళలు దొరికితే ఉంచుకోండి, అవి మనుషులు తమ గుర్తుగా వదిలేవి, నంబరు ఉన్నా ట్రావెల్ బగ్‌లలా తిరగాల్సిన పని లేదు. మీరు కూడా మీ గుర్తు ఒకటి పెట్టుకోండి. నాకు తోచింది చెప్పనా? ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఏటికొప్పాక లక్క బొంగరాలు చిన్నవి ఒక సంచీడు తెచ్చుకో. అంకుడు కర్రతో చేస్తారు, తేలిక, రంగు పోదు, అరచేతిలో పడతాయి. వాటికి ఏటికొప్పాక ఎక్కడుందో చెప్పే చిన్న కాగితం కట్టి వదలండి. ఎవరో పిల్ల మాంటానాలో ఆ బొంగరం తిప్పి నీకు రాస్తే, ఆ మాట నీ పుస్తకంలో అంటించుకోవచ్చు.

సెప్టెంబరులోగా స్నోక్వాల్మీ పాత రైలు సొరంగానికి వెళ్ళండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మూసేస్తారు. రెండు మైళ్ళకు పైగా చీకటి, లోపల ఆగస్టులోనూ చలి, స్వెట్టర్లూ టార్చిలైట్లూ తప్పనిసరి. హయాక్ వైపు నుంచి నడిచి అవతలికి తేలితే అక్కడుంది టనల్ ఆఫ్ లైట్ అనే పాత డబ్బా. 2001లో ఒక సినిమా విడుదలకి పెట్టిన వాటిలో మిగిలినది. 2011లో పోయి, కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చింది. దాంతో పాటు మీ ఊరి పక్కన ఫ్రీమాంట్‌లో ఉన్న జియోక్యాచింగ్ ఆఫీసు డబ్బా, ఇక్కడి బీవర్‌క్రీక్ ఫలకం, మూడూ కలిపి చూడటం ఈ ఆటలో ఒక ముచ్చట. మూడోదానికి నా దగ్గరికి రండి, నేను తీసుకెళ్తాను. అత్తయ్య గోంగూర పచ్చడి కలిపి పెడుతుంది.

వచ్చేటప్పుడు మీ పుస్తకం తీసుకురా. ఇంకొకటి కూడా. ఫారెస్ట్ పార్క్ నుంచి వచ్చిన రాత్రి తాతయ్య మీ అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు, నేను పక్క గదిలో ఉన్నాను. ఆ పెట్టె గురించి, అందులో ఏం రాశారో చెప్పారేమో అమ్మని అడుగు. తనకి ఒక్క ముక్క గుర్తొచ్చినా సరే, తన మాటల్లోనే రాసి నాకు పంపు.

మీ మామయ్య