వెనక టైర్లు రెండే మారిస్తే చాలా?

ప్రశ్న: అయ్యా, సంక్రాంతికి ముందు సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ పోర్షే 718 బాక్‌స్టర్ కొన్నాను. 21 వేల కిలోమీటర్లు తిరిగింది. టైర్లు ముందు 235/45, వెనక 265/45, అన్నీ 18 అంగుళాల రిమ్ములే. వెనకవి రెండూ అరిగిపోయాయి, ముందువి బాగానే ఉన్నాయి. కంపెనీ రకం ధర విని కళ్లు తిరిగాయి. బయట షాపులో వేరే బ్రాండువి దాదాపు సగం ధరకే వెనక రెండూ వేస్తామన్నారు. మా ఫ్రెండేమో ‘స్పోర్ట్స్ కారు కొని ట్రాక్ టైర్లు వేయకపోతే ఎలారా’ అంటున్నాడు. నేను తిప్పేది ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ మీద, నెలకోసారి శ్రీశైలం రోడ్డు మీద. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ‘ముందువి బాగానే ఉన్నాయి’ అన్నారు కదా, అది ఎలా చూసి చెప్పారు? నిలబడి చూసి ఉంటారు. చాలామంది అలాగే చూస్తారు. రాణిగంజ్‌లో 26 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను, వచ్చినవాళ్లలో వంగి చూసేవాళ్లు పదిమందిలో ఒక్కరుంటే గొప్ప.

రేపు పొద్దున ఒక పని చేయండి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫోన్ టార్చి వేసి, ముందు టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాలు వెతకండి. ఆ వరస చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. బయటి వైపు కనపడకపోతే లోపలి వైపు ఉంటాయి, కింద పడుకోక తప్పదు. 4717 అని ఉంటే 2017లో 47వ వారం తయారైందని అర్థం. 21 వేల కిలోమీటర్ల కారు కాబట్టి ముందు టైర్లు బండితో పాటు వచ్చినవే అయ్యే అవకాశం ఎక్కువ. అలాగైతే గాడి ఎంత లోతున్నా ఆ రబ్బరు ముసలిదైపోయింది. గాడి అడుగున గోటితో కొంచెం విప్పి చూడండి, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. టైరు తిరిగితేనే ముసలిదవదు, మన ఎండకు ఊరికే నిలబడినా అవుతుంది. నాలుగు వానాకాలాలు చూసిన చెప్పుల సోలు పట్టుకుంటే తెలుస్తుంది, రబ్బరే గానీ పట్టు ఉండదు.

తర్వాత వెనక టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి నిమరండి. ఇలాంటి కార్లకు వెనక చక్రాలు పైభాగాన కాస్త లోపలికి వాలి ఉంటాయి, అందుకే లోపలి అంచు ముందు అరుగుతుంది. బయటి నుంచి చూస్తే ఇంకో ఆరు నెలలు వస్తుందనిపించే టైరు లోపల తీగలు తేలి ఉండటం నా చేత్తో తడిమి ఎన్నోసార్లు చూశాను. అరిగిన తీరు రెండు పక్కలా ఒకేలా లేకపోతే, కొత్తవి వేయగానే అలైన్‌మెంట్ చేయించండి. లేదంటే కొత్త టైర్లకూ అదే గతి.

ఇప్పుడు సగం ధర సంగతి. మీ కారుకు ఇంజను మధ్యలో, సీట్ల వెనక ఉంటుంది. మీరు రాసిన 235, 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. ముందు సన్న టైరు, వెనక వెడల్పు టైరు, ఈ రెండింటికీ కుదిరిన లెక్క మీద బండి మలుపులో నడుస్తుంది. వెనక ఒక బ్రాండు, ముందు ఇంకో బ్రాండు వేస్తే పొడి రోడ్డు మీద మీకేమీ తెలియదు. తడిసినప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే ఏ జత ముందు పట్టు వదులుతుందో చెప్పలేం. మీ టైరు మీద ఎన్0, ఎన్1 అన్నట్టు ఎన్ అక్షరం, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ టైరును పోర్షే వాళ్లు తమ కారు మీద పరీక్షించి ఒప్పుకున్నారని గుర్తు. ఆ టైరును మెరుగుపరిచి మళ్లీ ఒప్పించుకున్న కొద్దీ అంకె పెరుగుతుంది. బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడికి ఏఓ ఇలాంటివే. ఎన్ గుర్తు లేకపోతే కారు నడవదని కాదు. గుర్తు లేనివి వేసుకుంటే నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్‌వి వేసుకోండి. లోడ్ ఇండెక్సు (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె), వేగం అక్షరం పాతవాటికి తగ్గకుండా చూడండి. వేగానికి వి అంటే 240, డబ్ల్యు 270, వై 300 కిలోమీటర్లు. ‘ఓఆర్ఆర్ మీద 120 దాటకూడదు కదా, వి చాలదా’ అనకండి. ఆ అక్షరం వేగం గురించే కాదు, ఎంత వేడి తట్టుకుంటుందో కూడా అదే చెబుతుంది.

ధర ఎందుకింత అంటే, 2020 జూన్‌లో ప్రభుత్వం కార్ల టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఇక్కడ తయారవని సైజులు లైసెన్సు మీదే రావాలి. వచ్చిన సరుకు అమ్ముడయ్యేదాకా గోడౌన్‌లో ఉంటుంది. అందుకే మీకు ఎవరైనా మంచి బ్రాండే చవకగా ఇస్తామంటే సంతోషపడే ముందు ఆ నాలుగు అంకెలు అడగండి. వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. పంపడానికి నసిగితే ఇంకో షాపు చూసుకోండి. మా వ్యాపారం గురించి నేనే ఇలా రాస్తే పక్క షాపువాళ్లు పండగకు పిలవరు, పర్లేదు.

ట్రాక్ టైర్ల మాట. మిషెలిన్‌లోనే రెండు రకాలు తీసుకుందాం. పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది, 300, పైలట్ స్పోర్ట్ కప్ 2 మీద 180. అంకె తగ్గితే మామూలుగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. ఈ అంకె కంపెనీలే వేసుకుంటాయి కాబట్టి ఒక బ్రాండులో పోల్చడానికే పనికొస్తుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తరచూ వెళ్లేవాళ్లైతే కప్ 2 లాంటిదానికి అర్థం ఉంది. అది బాగా వేడెక్కితే గానీ తన పని మొదలుపెట్టదు, గాళ్లు తక్కువ, నిలిచిన నీళ్లంటే దానికి పడదు. మీ డ్రైవింగ్ చూస్తే ఆదివారం పొద్దున, అంటే టైరు చల్లగా ఉన్నప్పుడు. జూలై, ఆగస్టుల్లో రోడ్డు తడి. ఇక శ్రీశైలం దారిలో డోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఆకులు, ఇసుక, ఒక్కోసారి కోతులు. అక్కడ ట్రాక్ టైరు మీకేం సాయం చేయదు. 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? ఆ కార్లకు వేసినవి గీతలున్న హాంకూక్ టైర్లు. ఎండకూ వానకూ ఒకటే రకం. రేసు కార్లే అలా పరుగెత్తాయి, ఈ మాట మీ ఫ్రెండ్‌కు చెప్పండి.

వెడల్పు టైరుకు పొడి రోడ్డు మీద ఎంత పట్టో, నీళ్ల మీద తేలిపోవడమూ అంత సులువు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలంటుంది. 265 టైరుతో వానలో తిరిగేవాళ్లకు 3 దగ్గరే మార్చమంటాను.

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. 2009 వానాకాలంలో నా సొంత హోండా సిటీకి కొత్త టైర్లు రెండే ఉన్నాయి. ముందుకు వేసుకున్నాను, ముందు చక్రాలే కదా లాగేది అని. వెనకవి గుండయ్యాయి. మేడ్చల్ దాటాక జల్లు పడింది, పక్క నుంచి లారీ నీళ్లు చిమ్మింది, కాలు యాక్సిలరేటర్ మీంచి తీశానంతే. వెనక భాగం నన్ను దాటి ముందుకు వెళ్లాలని చూసింది. బండి వచ్చిన దారివైపు తిరిగి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పక్క సీట్లో మా ఆవిడ. మూడు రోజులు మాట్లాడలేదు, ఇప్పటికీ టైర్ల షాపాయన అని పిలుస్తుంది. షాపు నాది, తప్పూ నాది. అందుకే రెండే కొత్తవి వేసేటప్పుడు అవి వెనకకే వేయాలని నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను. మీ కారులో సైజులు వేరు కాబట్టి ముందువి వెనకకు మార్చే వీలే లేదు.

నా సలహా నాలుగూ కొత్తవే. ముందువాటి తేదీ నిజంగా కొత్తదని తేలితేనే వెనక రెండూ, అదీ అదే మోడల్, అదే ఎన్ గుర్తుతో. కొత్తవి వేశాక మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోవాలి. గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోండి. ఆరు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం పెట్రోలు బంకులో చూసి ఎక్కువైందని గాలి వదిలేస్తే, మర్నాడు తెల్లవారి తక్కువ గాలితో బయల్దేరతారు. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీదుంది. బంకు కుర్రాడు ‘అన్నింటికీ 35 అన్నా’ అంటే వినకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను. టొయోటా జీఆర్86, 18 అంగుళాల పైలట్ స్పోర్ట్ 4 టైర్లతో వచ్చింది. చలికాలానికి ఆల్ సీజన్ వేసేసి ఏడాదంతా అవే ఉంచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: ఉంచుకోవచ్చు, కానీ ఆ కారు కొన్న సరదా సగం పోతుంది. 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మీ పైలట్ స్పోర్ట్ 4 లాంటి సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుంటుంది. గడ్డకట్టే చలిలో కదిలిస్తే పగలొచ్చు కూడా, కాబట్టి డిసెంబరుకల్లా విప్పి ఇంట్లో పెట్టేయండి. మీ కారు చవక మోడల్‌కు 215/45 ఆర్17 సైజు వస్తుంది. ఆ సైజులో రిమ్ములతో సహా వింటర్ టైర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉండాలి. ఎం+ఎస్ (బురద, మంచు అని) మాత్రమే ఉంటే చాలదు. రెండు సెట్లూ వంతులవారీగా అరుగుతాయి కనుక డబ్బు వృథా కాదు.

అన్నట్టు, ఆ 17 అంగుళాల మోడల్‌కు కంపెనీ మామూలు ప్రైమసీ టైర్లే ఇచ్చింది, పట్టు తక్కువైనా. తక్కువ వేగంలోనే వెనక భాగం కాస్త జారి, నడిపేవాడికి ఆట దొరుకుతుంది. ఎక్కువ పట్టే ఎప్పుడూ మంచిదనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా తమ్ముడు స్విఫ్ట్‌కు 15 అంగుళాల రిమ్ములు తీసేసి 17 వేస్తానంటున్నాడు. స్పోర్ట్స్ కారులా ఉంటుందట. వద్దంటే వినడం లేదు.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, లెక్క వేసి చూపించండి, వింటాడేమో. ఇప్పుడున్న 185/65 ఆర్15 మొత్తం ఎత్తు 621 మిల్లీమీటర్లు. 205/45 ఆర్17 అయితే 616. ఎత్తు దాదాపు సమానమే, మీటరు పెద్దగా తప్పు చూపించదు. పోయేది పక్క గోడ. ఇప్పుడు 120 మిల్లీమీటర్లు, అప్పుడు 92. మీ వైపు రోడ్ల మీద ఒక గుంతలో గట్టిగా పడితే రిమ్ము వంగుతుంది, లేదా టైరు పక్కన బుడగ లేస్తుంది. బుడగ లేచిన టైరుకు పంచర్ వేయించినట్టు వేయించడానికి లేదు, తీసి పారేయడమే. సరదా తీరాలంటే 195/55 ఆర్16 వేయించుకోమనండి. ఎత్తు దాదాపు అంతే, గోడ 107 మిగులుతుంది. లోడ్ ఇండెక్సు మాత్రం పాతదానికి తగ్గకూడదు. రిమ్ములకు అడ్వాన్సు ఇచ్చేశాడా, ఇంకా లేదా? ఇవ్వకపోతే ముందు ఒక టైరు తొడిగించి, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, స్పీడ్ బ్రేకర్ ఒకటి ఎక్కించి చూడమనండి, మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో అక్కడే తెలిసిపోతుంది.