సూడి మేక బెదిరితే పుట్టే పిల్లకూ బెదురు వస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. వేసవిలో సంతలో ఎనిమిది సూడి మేకలు కొని మందలో కలిపాను. పాత మేకలు వాటిని కుమ్మి, దాణా దగ్గరకు రానివ్వలేదు. రెండుసార్లు కుక్కలు తరిమాయి. ఇప్పుడు వాటి పిల్లలు మనిషిని చూస్తే మూలకు నక్కుతున్నాయి, కొన్ని పొదుగు కూడా సరిగా పట్టడం లేదు. పాత మేకల పిల్లలు హుషారుగానే ఉన్నాయి. జాతి మంచిది కాదు, అమ్మేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తొందరపడి అమ్మకండి. జాతి ప్రభావం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, మీరు రాసినదాంట్లో నాకు ముందు కనిపించేది ఆ తల్లులు పడ్డ యాతన. మేక భయపడినప్పుడల్లా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. తల్లికీ కడుపులోని పిల్లకూ మధ్య ఉండే మావి దాన్ని చాలావరకు అడ్డుకున్నా, రోజూ ఇదే తంతు అయితే కొంత పిల్లకు చేరి, ఎదిగే మెదడును బెదురు వైపు మళ్లిస్తుంది. సూడి పందులను కొత్త పందులతో కలిపి చూశారు. వాటికి పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక చిన్న ఒత్తిడికే ఎక్కువ కలవరపడ్డాయి. చూలు సమయంలో మేత 35 శాతం తగ్గించిన గొర్రెలైతే ఈనాక పిల్లలను నాకడమే తగ్గించాయి. మీ కొత్త మేకలకు ఈ రెండు కష్టాలూ వచ్చాయి.

పాలు పట్టని పిల్లలను ముందుగా పశువైద్యుడికి చూపించండి, నీరసం జబ్బు వల్ల కూడా కావచ్చు. ఆలోగా తల్లి దగ్గర పాలు పితికి, సీసాతో పట్టండి. తల్లీపిల్లలను విడిగా చిన్న గదిలో ఉంచండి. పిల్లలను వెంటపడి పట్టుకోవద్దు. రోజూ సాయంత్రం గుప్పెడు అవిసాకు పట్టుకుని శాలలో కదలకుండా కూర్చోండి, వాటంతట అవే దగ్గరకు వస్తాయి. చిన్నవయసులో ఈ ఓపిక చాలా పనిచేస్తుంది.

మేక చూలు సుమారు 150 రోజులు. పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి 50 రోజుల్లోనే పెరుగుతుంది. అందుకే మూడో నెల దాటాక కొత్త మేకలను మందలో కలపకండి. తడికె అడ్డం కట్టి, వేరే తొట్టెలో రోజుకు పావు కిలో దాణా పెట్టండి. కుక్కలు దూరకుండా రాత్రి కంచె మూయండి.

బెదురుతో పెరిగిన ఈ ఆడ మేకపిల్లలు రేపు తమ పిల్లలను సరిగా పట్టించుకోకపోవచ్చు, అందుకే అవి తొలిసారి ఈనేటప్పుడు మాత్రం మీరు దగ్గరుండాలి. పిల్లను నాకకుండా పక్కకు పోతే, పొడిగుడ్డతో తుడిచి, గంటలోపు ముర్రుపాలు మీరే పట్టించండి.