మెట్ట చెనిక్కాయకు పంట కుంట: ఎంత, ఎక్కడ, ఎప్పుడు?

చిత్తూరు మెట్టలో పంట కుంట (చేలో వాన నీళ్లు నిలిపే గుంత) తవ్వితే చెనిక్కాయ (వేరుశనగ) బెట్ట నుంచి గట్టెక్కుతుందా అని అడిగారు. గట్టెక్కుతుంది, కానీ ఒకటి రెండు తడుల మేరకే.

ఎకరాపై 1 మి.మీ. వానంటే సుమారు 4,000 లీటర్లు. 20 మి.మీ. తడికి 80,000 కావాలి. పైన 10×10 మీటర్లు, లోతు 2.5 మీటర్లు, గట్టు వాలు 1:1గా (మీటరు లోతుకు మీటరు లోపలికి) తవ్విన కుంటలో దాదాపు 1.45 లక్షల లీటర్లు పడతాయి.

ఎర్ర నేలల్లో అసలు తంటా ఇంకుడే. 6 పాళ్లు జల్లించిన మట్టికి 1 పాలు సిమెంటు కలిపి 8 సెం.మీ. మందాన మెత్తాలి. ఆపైన వారం పది రోజులు తడపాలి, లేదంటే నెర్రెలిచ్చి ఖర్చంతా దండగ. (బోరు రీచార్జికే అయితే ఈ మెత్తుడు వద్దే వద్దు.)

కుంట చేను పల్లపు మూలన ఉండాలి. నీళ్లు దిగే దారిలో చిన్న గుంత తీస్తే ఒండ్రు అక్కడే ఆగుతుంది, ఏటా ఎత్తిపోయాలి.

ఆకు వాడిందని 20 రోజుల పైరుకే నీళ్లు పారబోయకండి. ఆ వయసులో కొంత బెట్టను అది ఓర్చుకుంటుంది. ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ పట్టే కాడలు) దిగేటప్పుడు నేల గట్టిపడితే మాత్రం ఊడ మొన లోపలికి పోదు, కాయ పట్టదు. అప్పటికీ, కాయ ఊరే దశకీ నీళ్లు దాచి స్ప్రింక్లర్లతో ఇవ్వండి.