విడాకుల తర్వాత రాజమండ్రికి తిరిగొచ్చాను. ఇక్కడ థెరపిస్టును ఎలా వెతుక్కోవాలి?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. విడాకులు మంజూరయ్యాయి. హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి, ఆరో తరగతి చదివే పాపతో పుట్టింటికి వచ్చేశారు. కంపెనీ పని ఇంటి నుంచే చేస్తున్నారు. జబ్బని చెప్పుకోవడానికి ఏమీ లేదు, కానీ పొద్దున లేస్తే ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఎవరితోనైనా పద్ధతిగా మాట్లాడాలని ఉంది. ఊళ్లోవాళ్లను వెతకాలా, హైదరాబాదులో పేరున్నవాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడాలా అన్నది మీ సందేహం.

నేనైతే దగ్గరలో ఉన్నవాళ్లతోనే మొదలుపెట్టమంటాను. రాజమండ్రిలో కుదరకపోతే కాకినాడ దాకా రండి, అంతకు మించి వద్దు. ఈ వ్యవహారంలో గొప్ప పేరు కన్నా, వారం వారం అదే వేళకు అదే మనిషి ఎదురుగా కూర్చోగలగడమే ఎక్కువ పనిచేస్తుంది. నెలకో రెండు నెలలకో దొరికే మహానిపుణుల దగ్గర, క్రితంసారి ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడంలోనే సగం సమయం పోతుంది.

నా సంగతి కొంచెం చెబుతాను. మావారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. పెళ్లయినప్పటి నుంచి ఇంటిపట్టునే ఉన్న నాకు, నలభై దాటాక, కారుణ్య నియామకం కింద ఆయన శాఖలోనే జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చారు. కాకినాడలోనే పోస్టింగు. బంధువులందరూ అదృష్టవంతురాలివన్నారు. ఆఫీసులో నా బల్ల మీదకు వచ్చే పాత ఫైళ్లలో ఆయన సంతకాలు ఉండేవి. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ గలగలా మాట్లాడుకుంటుంటే నేను రికార్డు గదిలోకి వెళ్లి నిలబడేదాన్ని. దుఃఖం ఒకటే అయితే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. కంప్యూటర్ రాదు, ఫైలు ఎలా పెట్టాలో తెలియదు, డిపార్టుమెంటు పరీక్షలు రాయాలి, పైగా ఇంట్లో అత్తగారు జీతం లెక్క అడుగుతారు. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. మీకూ ఊరు, ఇల్లు, పక్కన మనిషి, పాప బడి ఒకేసారి మారాయి కాబట్టే మీ ప్రశ్న దగ్గర ఆగాను.

ముందు ఎవరు ఏం చేస్తారో తెలుసుకోండి, ఎందుకంటే మన ఊళ్లలో బోర్డులన్నీ ఒకేలా ఉంటాయి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాయగలిగేది వారే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వీరికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సైకాలజీలో పీజీ తర్వాత రెండేళ్లు ఆస్పత్రి శిక్షణతో కూడిన ఎంఫిల్ చేసినవారు వీరిలో ఎక్కువ. ఇక కౌన్సెలర్ అన్న బోర్డు కింద ఎంఏ సైకాలజీ చేసి ఏళ్ల తరబడి నిజాయతీగా పనిచేస్తున్నవారూ ఉంటారు, మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేసినవారూ ఉంటారు. కౌన్సెలర్లను కూడా ఒక చట్టం కిందకు తెచ్చే ఏర్పాటు 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఉంది కానీ, ఇప్పటికైతే బోర్డు చూసి నమ్మే పరిస్థితి లేదు. చదువు, అనుభవం అడిగి తెలుసుకోవాల్సింది మనమే.

మీరు రాసినదాన్ని బట్టి మీకు మొదట కావలసింది మాటల చికిత్స చేసేవారు. పెద్ద మార్పు వచ్చిన నెలలోపు మొదలై, సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకునే ఇటువంటి ఇబ్బందిని అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో కూడా చేర్చారు. మీది అదేనని నేను అనడం లేదు, అది చూసినవారు చెప్పాలి. కానీ రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, తిండి మానేయడం, పాపతో కూడా మాట్లాడాలనిపించకపోవడం ఉంటే ముందు సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఈ వెతుకులాట అంతా పక్కన పెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఒక్కసారి మీ మామూలు డాక్టరు దగ్గర థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించుకోండి. నీరసానికి, నిరాసక్తతకు అక్కడే కారణం బయటపడేవాళ్లు మన ఆడవాళ్లలో తక్కువేమీ కాదు.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా సలహా 14416. ఇది టెలీమానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అవతలివాళ్లు మీ మాట వినడమే కాదు, మీ జిల్లాలో ప్రభుత్వ సేవలు ఎక్కడ ఉన్నాయో అడిగితే చెబుతారు. తర్వాత ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది, మీ రాజమండ్రిలో కూడా 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి ఓపీలో వారం వారం ముప్పావు గంట కూర్చోబెట్టి మాట్లాడే తీరిక డాక్టర్లకు ఉండదు. కానీ ఒక పని చేయవచ్చు. ఓపీలో సైకియాట్రిస్టును చూసి, మాటల చికిత్సకు మీరు ఎవరి దగ్గరకు పంపుతారు అని అడగండి. ఏ సైకాలజిస్టు ఓపికగా వింటారో, ఎవరు మధ్యలో వదిలేస్తారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాకు చివరికి కుదిరిన ఆవిడ పేరు అలా దొరికిందే.

గూగుల్ నక్షత్రాలను నమ్ముకోకండి. బిర్యానీ బాగుంటే రాస్తారు గానీ, మన ఊళ్లలో ఫలానా సైకాలజిస్టు వల్ల నాకు మేలు జరిగిందని సొంత పేరుతో ఎవరు రాస్తారు?

రెండు మూడు పేర్లు దొరికాక ఫోను చేయండి, మొహమాటం పెట్టుకోకండి. ఏం చదివారు, ఆర్‌సీఐ నంబరు ఉందా అని అడగండి. నంబరు చెబితే ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోండి. నిజంగా నమోదైనవారు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. మీరు పెద్దవాళ్లతో పనిచేస్తారా అని తప్పకుండా అడగండి. చిన్న ఊళ్లలో చాలామంది సైకాలజిస్టులకు మాట ఆలస్యమైన పిల్లలు, చదువులో వెనకబడిన పిల్లలే ప్రధానంగా వస్తారు. వాళ్లు ఆ పనిలో గట్టివాళ్లే కావచ్చు, మీ విడాకుల సంగతికి వచ్చేసరికి తడబడతారు. సిట్టింగు ఎంతసేపు, ఎన్నాళ్లకోసారి, ఫీజెంత, రాలేకపోతే ఏమిటి, నా సంగతులు మా అమ్మానాన్నలు వచ్చి అడిగితే చెబుతారా అన్నవి కూడా ఫోనులోనే తేల్చుకోండి. చివరి ప్రశ్నకు "పెద్దవాళ్లు కదండీ, అడిగితే చెప్పకుండా ఎలా" అన్న జవాబు వస్తే అక్కడే ఫోను పెట్టేయవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన వివరాలను గోప్యంగా ఉంచాలనే చెబుతోంది. ప్రాణహాని వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

ఒక్క సిట్టింగులో మార్చేస్తాం అనేవాళ్లు, పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమనేవాళ్లు, జాతకం అడిగేవాళ్లు, సర్దుకుపోవాల్సింది అని మీకు నీతులు చెప్పేవాళ్లు, ఇంతకు ముందు వచ్చినవాళ్ల కథలు పేర్లతో సహా మీకు వినిపించేవాళ్లు అయితే రెండోసారి వెళ్లనే వద్దు. రేపు మీ కథ ఇంకొకరికి వినిపిస్తారు.

నేను మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆస్పత్రిలో సహాయకుడు నా పేరు పిలిచి, "నిద్ర పట్టట్లేదన్నది మీరేనా" అని హాలంతా వినబడేలా అడిగాడు. లోపల కూర్చున్న కౌన్సెలర్ మంచి మనిషే, కానీ నేను నోరు తెరిచినప్పుడల్లా "చూడండి, ఎందరికి దొరుకుతుంది ఇలా ఉద్యోగం" అనేవారు. ఆ మాట మా బంధువులు ఉచితంగానే అనేవాళ్లు. అక్కడ మానేసి రెండో ఆవిడను వెతుక్కున్నాను. ఒకరు కుదరకపోతే మొత్తం చికిత్సే పనికిరాదనుకునేవాళ్లను చాలామందిని చూశాను. టైలరు కుదరకపోతే బట్టలు కట్టుకోవడం మానేస్తామా?

రెండో ఆవిడ అడిగిన ప్రశ్నలు వేరుగా ఉండేవి. ఎలా అనిపిస్తోంది అని ఊరికే అడిగేవారు కాదు. ఆఫీసు మెట్లెక్కుతున్నప్పుడు ఒంట్లో ఏమవుతుంది, మొదట ఎవరు పలకరిస్తారు, ఆయన సంతకం కనబడ్డ ఫైలును ఏం చేస్తారు అని అడిగేవారు. కొన్ని వారాలు నాతో ఒక కాగితం మీద రోజువారీ పనులు రాయించారు. ఏ పని చేశాక కాస్త ఊపిరి ఆడింది, ఏ పని చేశాక ఇంకా కుంగాను అని పక్కన గుర్తు పెట్టమన్నారు. దానివల్ల నాకు తెలిసిన వింత ఏమిటంటే, నన్ను ఎక్కువగా కుంగదీస్తున్నది ఆ సంతకాలు కాదు, పని రాకపోవడం. టైపింగు నేర్చుకోవడం మొదలుపెట్టింది అందుకే. ఉద్యోగం మానేయనా అని ఎన్నోసార్లు అడిగాను, ఆవిడ ఒక్కసారి కూడా అవుననీ కాదనీ చెప్పలేదు. అప్పట్లో దానికి చిరాకు పడేదాన్ని. వాళ్లు నిర్ణయాలు చెప్పరు, అది వాళ్ల పని కాదు. మీరు హైదరాబాదు తిరిగి వెళ్లాలా వద్దా అన్నది కూడా వాళ్లు చెప్పరు, ఆ ఆశతో వెళ్లకండి. మొదటి రెండు సిట్టింగులు మీ వివరాలకే పోతాయి. కొన్నిసార్లు వెళ్లినప్పటి కన్నా అలసిపోయి బయటకు వస్తారు. నాలుగైదు సార్లు వెళ్లాక కూడా ఈ మనిషి ముందు నిజం చెప్పగలుగుతున్నాను అనిపించకపోతే అప్పుడు మార్చండి.

కోర్టు కౌన్సెలర్ సంగతి మీరు రాశారు, ఇప్పటికే ఒకసారి కౌన్సెలింగు అయింది, అది చేదుగా ఉంది అని. అది వేరు, ఇది వేరు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత, అక్కడి కౌన్సెలర్ కూర్చునేది ఆ పని కోసం. అక్కడ ఇద్దరి గురించీ ఆలోచిస్తారు. ఇక్కడ గదిలో ఉండేది మీరొక్కరే. మీ అమ్మగారికి కూడా ఇదే చెప్పండి, మళ్లీ కలపడానికి తీసుకెళ్తున్నారేమోనన్న భయమో ఆశో ఆవిడకు ఉండవచ్చు.

నలుగురూ చూస్తారన్న మీ బెంగ అబద్ధం కాదు. రాజమండ్రిలో మెయిన్ రోడ్డు మీద మానసిక వైద్యుల బోర్డు కింద చెప్పులు విడిస్తే సాయంత్రానికి మీ వీధికి తెలుస్తుంది. దానికి ఉపాయాలు ఉన్నాయి. పంటి డాక్టరు, స్కానింగు సెంటరు ఉన్న కాంప్లెక్సులో కూర్చునేవారిని ఎంచుకోండి, లేదా మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య సమయం అడగండి. మీకు ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి అది కుదురుతుంది. కాకినాడ రావడానికి కూడా ఇదొక కారణం, అక్కడ మిమ్మల్ని ఎవరూ ఎరగరు.

ఫీజు విషయం. మా వైపు సిట్టింగుకు ఐదు వందల నుంచి వెయ్యి దాకా తీసుకునేవారే నాకు తగిలారు, హైదరాబాదులో దానికి రెట్టింపు, ఆ పైన. మానసిక సమస్యలకు కూడా శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతున్నా, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి కాబట్టి సిట్టింగుల ఖర్చు మన చేతి నుంచే. మీది కంపెనీ ఉద్యోగం కదా, ఉద్యోగుల కోసం కొన్ని ఉచిత కౌన్సెలింగులు ఇచ్చే ఏర్పాటు ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. మీకు అవసరమని చెప్పనక్కరలేదు, సదుపాయాల జాబితా పంపమంటే చాలు.

వీడియో కాల్ వద్దని కాదు. నేరుగా వెళ్లే అలవాటు పడ్డాక, జ్వరం వచ్చిన వారమో వానల వారమో అదే మనిషితో ఫోనులో మాట్లాడితే ఇబ్బంది ఉండదు. మీ పరిస్థితిలో మొదటి నుంచీ అదే అంటే నాకు నచ్చదు. ఇల్లంతా అమ్మానాన్నలు, పక్క గదిలో పాప. తలుపు వేసుకుని గుసగుసగా ఎంత చెప్పగలరు? అదీ కాక తెలుగు రాని వారితో అయితే మరీ కష్టం. ఒకసారి ఇంగ్లీషులో మా అత్తగారి గురించి చెప్పి చూశాను, ఎవరో పరాయి ఇంటి సంగతి చెబుతున్నట్టు ఉంది.

పాపకు కూడా ఎవరైనా అవసరం అనిపిస్తే, మీరు వెళ్లే మనిషి దగ్గరకే తీసుకెళ్లకండి, పిల్లలతో పనిచేసే వేరొకరిని చూడండి. ఇద్దరి రహస్యాలు ఒకే చోట ఉంటే ఇద్దరూ పూర్తిగా చెప్పరు. ఇంకొక్క మాట, పాపను ఆదివారాలు తండ్రి దగ్గరకు పంపాలని రాశారు. కుదిరితే మీ సిట్టింగును సోమవారానికి పెట్టించుకోండి.