ఫొటో సైట్లో ఉండాలె, గూగుల్ ఇమేజెస్‌లో ఉండొద్దు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పుట్టపాక. వర్డ్‌ప్రెస్‌తో చేయించిన సైట్లో తేలియా రుమాళ్లు, ఇక్కత్ చీరెల ఫొటోలు పెట్టినం. అవన్నీ గూగుల్ ఇమేజెస్‌లో కనిపిస్తున్నయి. రోబోట్స్.టీఎక్స్‌టీ (సైట్లో ఏది చదవొద్దో గూగుల్ లాంటివాటికి చెప్పే) ఫైల్లో నక్షత్రం గుర్తు (*) కింద, ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఆపినం. అంతకుముందే అందులో గూగుల్‌బాట్-ఇమేజ్ (ఫొటోలు ఏరే గూగుల్ ప్రోగ్రాం) పేరు మీద ఒక పాత బ్యానర్ ఫొటోను మాత్రం ఆపి ఉన్నది. రెండు నెలలైనా ఫొటోలు పోలేదు. సైటు మాత్రం సెర్చ్‌లో ఉండాలె.

జవాబు: చిక్కంతా ఆ పాత బ్యానర్ వరుసతోనే వచ్చింది. నక్షత్రం కింద రాసినవి తమ పేరుతో వేరే భాగం లేని క్రాలర్లకే, అంటే సైట్లను చదువుతూ తిరిగే ప్రోగ్రాములకే వర్తిస్తాయి. గూగుల్‌బాట్-ఇమేజ్‌కు సొంత భాగం ఉంది కాబట్టి అది దాన్నే చదువుతుంది, నక్షత్రం భాగాన్ని అసలు పట్టించుకోదు. అంటే దాని లెక్కన మీరు ఆపింది ఒక్క బ్యానర్‌నే. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ను ఆపే డిస్‌అలౌ వరుసను గూగుల్‌బాట్-ఇమేజ్ భాగంలోకీ ఎక్కించండి. సైట్లోని ఒక్క ఫొటో కూడా గూగుల్ ఇమేజెస్‌లో వద్దనుకుంటే అక్కడ డిస్‌అలౌ ఎదురుగా ఒక్క స్లాష్ (/) పెడితే చాలు. పేజీలను చదివేది మామూలు గూగుల్‌బాట్, దాన్ని ముట్టుకోవద్దు. రోబోట్స్ ఫైలును గూగుల్ 24 గంటల దాకా దాచుకుని వాడుతుంది, కాబట్టి మార్చిన వెంటనే ఫలితం చూడకండి.

కొన్ని డిజైన్లనే ఆపాలంటే మాత్రం జాగ్రత్త కావాలి. ఒక్క ఫొటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దానికి నాలుగైదు సైజులు తయారుచేసి, పేరు చివర 300x300 లాంటి అంకెలు తగిలిస్తుంది. 2560 పిక్సెళ్లు దాటిన ఫొటోకు ‘స్కేల్డ్’ అని కూడా చేరుస్తుంది. పూర్తి పేరుతో ఒక ఫైలును ఆపితే మిగతా సైజులు బయటే ఉంటాయి. అందుకే పేరులో మొదటి భాగం వరకే రాయండి, అలా మొదలయ్యేవన్నీ ఆగుతాయి. అయితే ‘డిజైన్-1’ అని రాస్తే డిజైన్-12, డిజైన్-140 కూడా ఆగిపోతాయి. పేర్లు పెట్టేటప్పుడే 001, 002 అని మూడంకెలు వాడితే ఈ తిప్పలుండదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కూడా లెక్కలోకి వస్తుంది: చిన్నక్షరాల జేపీజీని ఆపితే, కెమెరా పెద్దక్షరాలతో ఇచ్చిన జేపీజీ ఆగదు. ఫొటోలు సీడీఎన్ (ఫొటోలను తొందరగా అందించే వేరే సర్వర్లు) మీద, వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే మీ సైటు ఫైలు అక్కడ చెల్లదు. ఆ సబ్‌డొమైన్ రూట్‌లో (అన్నిటికన్నా పై ఫోల్డర్‌లో) వేరే రోబోట్స్ ఫైలుండాలి.

రెండో దారి ఎక్స్-రోబోట్స్-ట్యాగ్ హెడర్, అంటే ఫొటోతో పాటు సర్వర్ పంపే సూచన. అపాచీ సర్వర్ అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ఫైల్స్‌మ్యాచ్ కింద జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీలకు ‘నోఇండెక్స్’ (సెర్చ్‌లో చూపొద్దు) అని పెట్టాలి. అపాచీలో మాడ్_హెడర్స్ అనే భాగం ఆన్‌లో లేకుంటే అది పనిచేయదు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఫొటో మీద క్లిక్ చేస్తే హెడర్ వస్తోందో లేదో తెలుస్తుంది. రెండు దారులూ ఒకే ఫొటోకు పెట్టకండి. రోబోట్స్ ఫైలు తలుపు దగ్గరే ఆపేస్తే, లోపల రాసిన నోఇండెక్స్‌ను క్రాలర్ చూసేదెట్లా?

తొందరగా పోవాలంటే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో రిమూవల్స్ వాడండి. అది దాదాపు 6 నెలలు దాస్తుంది, అంతే. శాశ్వతంగా పోవడానికి పై రెండింట్లో ఒకటి ఉండాల్సిందే. గూగుల్‌లో సరుకులు చూపించుకునే మర్చంట్ సెంటర్‌లో చీరెలు పెట్టినవాళ్లు మాత్రం గూగుల్‌బాట్-ఇమేజ్‌ను ఆపొద్దు. ఫొటో తీసుకోలేకపోతే గూగుల్ ఆ సరుకును తిరస్కరిస్తుంది.

అడగకపోయినా ఇంకో మాట. కొత్త డిజైన్‌ను 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించాలనుకుంటే, దరఖాస్తు పెట్టకముందే ఆ ఫొటో సైట్లో పెట్టకండి. అందరూ చూడగల పేజీలో పెట్టిన డిజైన్ కొత్తది కాదనే అభ్యంతరం వస్తుంది. గూగుల్‌కు కనబడకుండా చేశామన్న వాదన అక్కడ నిలవదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా బడి సైట్లో పిల్లల వార్షికోత్సవం ఫొటోలున్నాయి. తల్లిదండ్రులే చూడాలి. రోబోట్స్ ఫైలు చాలునా?

జవాబు: చాలదు. రోబోట్స్ ఫైలు ఒక విన్నపం మాత్రమే. మర్యాదగల క్రాలర్లు వింటాయి, మిగతావి వినవు. పైగా దాన్ని ఎవరైనా తెరిచి చదవొచ్చు, ‘వార్షికోత్సవం-ఫొటోలు’ అని ఫోల్డర్ పేరు రాస్తే దారి చూపినట్టే. ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. హోస్టింగ్ సీప్యానెల్‌లో ‘డైరెక్టరీ ప్రైవసీ’ అని ఉంటుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో పేజీకి పెట్టే పాస్‌వర్డ్ ఆ పేజీకే, లోపలి ఫొటోల లింకులు తెలిసినవాళ్లకు తెరుచుకుంటూనే ఉంటాయి.

ప్రశ్న: ఏఐ కంపెనీలు మా ఫొటోలు తీసుకోకుండా ఏం చేయాలి? (గద్వాల)

జవాబు: గూగుల్‌బాట్-ఇమేజ్‌ను ఆపినంత మాత్రాన అవి ఆగవు. జీపీటీబాట్ (ఓపెన్‌ఏఐ), సీసీబాట్ (కామన్ క్రాల్), గూగుల్-ఎక్స్‌టెండెడ్ (గూగుల్ ఏఐ) పేర్లకు విడివిడిగా డిస్‌అలౌ రాయాలి. చివరిది క్రాలర్ కాదు, రోబోట్స్ ఫైల్లో వాడే గుర్తు మాత్రమే, సర్వర్ లాగ్‌లో ఆ పేరు కోసం వెతక్కండి. ఇప్పటికే తీసుకెళ్లినవి దీంతో వెనక్కి రావు.