'శ్రద్ధ లేదు' అన్న మాటనే చర్చకు పెట్టండి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి మండలం. ప్రభుత్వ బడిలో టీచర్‌ని. ఏడుగురు టీచర్లం, ఇద్దరు ఎం.ఎడ్. విద్యార్థులం కలిసి నెలకోసారి విద్యా సామాజిక శాస్త్రం చదువుకుందామని మొదలుపెట్టాం. కాసేపటికే మాట బదిలీల మీదికో, 'ఇక్కడి తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు' అనే దగ్గరికో పోతోంది. ఏం చదవాలి, ఎలా నడపాలి?

జవాబు: ఆ 'శ్రద్ధ లేదు' అన్న మాటనే మొదటి పాఠంగా పెట్టుకోండమ్మా. 1996లో ఉత్తరాది రాష్ట్రాల పల్లెల్లో సర్వే చేసి 1999లో వెలువరించిన ప్రోబ్ నివేదిక తెచ్చుకోండి, అది ప్రాథమిక విద్య మీద. మగపిల్లలకు చదువు ముఖ్యమన్న తల్లిదండ్రులు 98 శాతం, ఆడపిల్లలకూ ముఖ్యమన్నవాళ్లు 89 శాతం. సర్వేవాళ్లు వెళ్లిన సమయానికి దాదాపు సగం బళ్లలో పాఠం జరగడం లేదని కూడా అందులోనే ఉంది. ఇది మన టీచర్లకు గుచ్చుకునే సంగతే. అయినా దాటేయకండి.

ఆ తర్వాత మీ హాజరు పట్టీలు. గత రెండేళ్లవి ముందు పరుచుకుని, ఏ పేరుకు ఏ నెలలో గైర్హాజరు వరస మొదలైందో చూడండి. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే పంట పనుల కాలంలో కూలికి వలస, పోయే కుటుంబాల గురించి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ నెలలూ ఈ గైర్హాజర్లూ కలుస్తున్నాయా? వలస వెళ్లినవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్ నడిచిన ఏడాది ఊళ్లో ఆగిన పిల్లలెవరు? తమ్ముణ్ణి ఎత్తుకోడానికి అక్క వెళ్లిపోయిందా? నా దృష్టిలో మీరు చేయగలిగిన అసలు పరిశోధన ఇదే. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఆమె స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ కూలి పిల్లల్ని క్యాంపుల్లో చదివించి బళ్లలో చేర్చిన అనుభవాన్ని దీని పక్కన పెట్టి చదవండి. పేదవాళ్లు పిల్లల్ని పనికే పంపుతారన్న నమ్మకాన్ని వాళ్లు ఊరూరా తిరిగి తప్పని చూపించారు.

సిద్ధాంతాలకు తొందర లేదు. అమెరికాలో 6 లక్షలకు పైగా విద్యార్థులను పరిశీలించిన 1966 నాటి కోల్‌మన్ నివేదిక, బడి వసతులకంటే ఇంటి నేపథ్యమే చదువు మీద ఎక్కువ ప్రభావం చూపుతోందంది. ఇంట్లో అబ్బిన మాటతీరు బడిలో తెలివిగా ఎలా చెలామణి అవుతుందో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త బూర్దియూ వివరించాడు.

బూర్దియూని చదివే రోజు మీ గుంపులో ఎవరు మాట్లాడుతున్నారో కూడా గమనించండి. నేను కాలేజీలో నడిపిన చర్చల్లో ఇంగ్లీషు మీడియం వాళ్లే మాట్లాడేవాళ్లు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు నోట్సు రాసుకునేవాళ్లు. ప్రతి పేరానూ తెలుగులో చెప్పుకుని గానీ ముందుకు పోకూడదని పెట్టాక వాళ్లూ నోరు విప్పారు. 'మీ నాన్న ఏం చేస్తారు' అని ఒక ఇంటర్వ్యూలో అడిగితే 'కూలి' అని చెప్పాక ఎదుటివాళ్ల గొంతు ఎలా మారిపోయిందో ఒక కుర్రాడు చెప్పాడు. ఆ రోజు వ్యాసం పూర్తి కాలేదు, కానీ అందరికీ అర్థమైంది. కాబట్టి ఒక సమావేశానికి పది పేజీలు మించొద్దు. బదిలీల సంగతి చివర్లో టీ తాగేటప్పుడు.

సుగ్గి నుంచి తిరిగొచ్చిన తల్లుల్లో ఒకరిద్దరిని కూడా పిలవండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లాలా వదిలెళ్లాలా అని ఇంట్లో ఎలా తేల్చుకుంటారో వాళ్లనే చెప్పనివ్వండి, మధ్యలో సలహాలు వద్దు. కూలి పోకుండా వాళ్లకు వీలైన పూటే సమావేశం పెట్టుకోండి.