గాల్లో కూర్చునే ముందు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ కాలనీ వినాయక మండపం దగ్గర ఈసారి గాల్లో తేలే ఐటెం పెడతానన్నావు. మనిషిని పడుకోబెట్టి పైకి లేపి, చుట్టూ రింగు తిప్పే పద్ధతి జోలికి మాత్రం పోకు. దానికి వెనక తెరలోంచి వచ్చే ఇనుప చెయ్యి గానీ, పైనుంచి దించే సన్నటి తీగలు గానీ ఉండాలి. రింగు అడ్డం తగలకుండా దాటాలని ఆ చెయ్యిని హంస మెడలా వంచుతారు. రవీంద్రభారతిలో జనమంతా ఎదురుగా కూర్చుంటారు గనక అక్కడ చెల్లుతుంది. మండపం దగ్గర మూడు వైపులా జనం, పైగా గోడెక్కిన పిల్లలు. పక్కనుంచి ఒక్కడు "అదిగో కడ్డీ" అన్నాడంటే అయిపోయింది.

నీకు పనికొచ్చేది కర్ర పట్టుకుని గాల్లో కూర్చునేది. 1830 ప్రాంతంలో మద్రాసులో శేషాల్ అనే ఆయన చేసి చూపింది ఇదే. ఫ్రాన్సులో రొబేర్ హూదాఁ అనే మెజీషియన్ 1847లో కొడుకుని ఒక్క కర్ర ఆనికతో అడ్డంగా పడుకోబెట్టిందీ దీనికి చుట్టమే.

దీని కిటుకు ఇది: కింద ఇనుప ప్లేటు, దాంట్లోంచి లేచే రాడ్డు, మీటరు ఎత్తులో అంగీ చేతిలోకి దూరే అడ్డకమ్మీ, దాని చివర నీ కింద ఉండే సీటు. జనానికి కనిపించే కర్ర ఆ రాడ్డుకి తొడుగు, అంతే. నువ్వు 60 కిలోలు అనుకుందాం, రాడ్డు నుంచి సీటు మధ్యకి 45 సెంటీమీటర్లు. వెల్డింగ్ షాపాయన 25 మిల్లీమీటర్ల రాడ్డు చాలంటాడు. విరగదు, నిజమే. కానీ మీటరు ఎత్తులో మూడున్నర సెంటీమీటర్లు పక్కకి ఒరుగుతుంది, సీటు ఇంకో మూడు కిందికి దిగుతుంది. తేలుతున్నవాడి కర్ర వంగుతుంటే ఎవరు నమ్ముతారు? 32 మిల్లీమీటర్ల గట్టి రాడ్డు అడుగు, పైపు వద్దు. అప్పుడు ఒరుగు సెంటీమీటరు చిల్లరకి తగ్గుతుంది. ఆ చిల్లర కూడా పోవాలంటే అతికించేటప్పుడే రాడ్డుని అంత మేర అవతలి వైపుకి వాల్చి పెట్టమను. నువ్వు కూర్చోగానే నిటారుగా వస్తుంది.

ప్లేటు 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం. చాలామంది రాడ్డుని ప్లేటు నడిమధ్య పెడతారు. లెక్క చూడు: మధ్య నుంచి 45 అంటే నీ బరువు సరిగ్గా ప్లేటు అంచు మీద పడుతుంది, కాస్త ముందుకి వంగావంటే మొత్తం బోర్లా. రాడ్డుని ఒక అంచుకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టిస్తే నీ కింద ఇంకా 35 సెంటీమీటర్ల ప్లేటు మిగులుతుంది. రాడ్డు దిగేలా ప్లేటుకి అతికించే గొట్టం 15 సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ త్రికోణం ముక్కలు అతికించాలి, అడ్డంగా బోల్టు పడాలి. బోల్టు మరిస్తే రాడ్డు తిరుగుతుంది, దాంతోపాటు నువ్వూ గుండ్రంగా తిరుగుతావు. ప్లేటుని తివాచీ కప్పేస్తుంది. గొట్టం చుట్టూ బంతిపూలు కుప్పపొయ్యి, వినాయక చవితికి ఎవరికీ అనుమానం రాదు.

చెక్క స్టేజీ మీద వెయ్యకు. డీజే మొదలైతే పలకలు అదురుతాయి, నువ్వు గాల్లో ఊగుతావు. నేల మీదే వేసి, ప్లైవుడ్ ముక్కలతో సమం చేసుకో. నువ్వు ఎక్కకముందు సీటు మీద 90 కిలోల ఇసుక మూటలు అరగంట ఉంచు. అతుకుల్లో వెంట్రుకంత పగులు కనిపించినా మళ్లీ చేయించు.

బట్టల దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. పల్చటి కాషాయం మీద వెనకనుంచి ఎల్‌ఈడీ లైటు పడితే కమ్మీ నీడ సూటిగా గీత గీసినట్టు కనిపిస్తుంది. మందపాటి గుడ్డ తీసుకుని నల్ల అస్తరు వేయించు, చేతులు బాగా వదులుగా కుట్టించు. దర్జీకి కొలతలు ఇచ్చేముందు కమ్మీ మీద కూర్చుని చూపించు, నిలబడి ఇచ్చిన కొలతతో కుడితే మోకాలి దగ్గర ఎత్తిపోతుంది. వీడియో తీసేవాళ్ల లైటు ఎదురుగానే ఉండేలా ముందే మాట్లాడుకో.

ఎక్కడం, దిగడం ఎవరి కంటా పడకూడదు. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టాలి. సీటు మీద అంగుళం ఫోమ్ వేసినా పదిహేను నిమిషాలకి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, అంతకు మించి కూర్చోకు. ఎవరైనా దండం పెట్టి డబ్బులు వేస్తే ఇది మ్యాజిక్ అని మీ మైకులో చెప్పించు.

దారంతో పది రూపాయల నోటు తేల్చే ఐటెం కూడా అడిగావు. పందిట్లో ఫ్యాన్లుంటాయి, సన్నదారం క్షణంలో తెగుతుంది. అది ఇంట్లో, గళ్ల చొక్కా వేసుకుని చెయ్యి. సాదా గుడ్డ ముందు దారం పట్టేస్తారు.

ప్లేటే 34 కిలోలు ఉంటుంది, ఆటో ట్రాలీ మాట్లాడుకో. రాడ్డు, సీటు విడిగా గోనెసంచుల్లో చుట్టి, పిల్లలంతా ఇళ్లకి పోయాక రాత్రి పదకొండు తర్వాత దించు.

మీ మామయ్య